తొమ్మిది గోల్స్ పెద్దమనిషి కోసం కిచెనర్ దాకా

మా మనవరాలు తన్వికి పదకొండేళ్లు. రెండు నెలల క్రితం ఫుట్‌బాల్ కోచ్ దాన్ని ముందువరసలోంచి తీసి మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం నడిమధ్యలో, నిలబెట్టాడు. అప్పట్నుంచీ "మానేస్తా" అని ఒకటే పాట. వచ్చే సీజన్ ఫారం సోమవారంలోగా ఇవ్వాలి. కిచెనర్‌లో ఒక జర్మన్ మాజీ మిడ్‌ఫీల్డర్ శనివారాలు పిల్లలకు ఉచితంగా ఆట నేర్పుతాడని పక్కింటావిడ చెప్పింది. దాని అమ్మానాన్నలకు ఆ రోజు డ్యూటీలు. కీళ్లనొప్పులు తప్ప వేరే డ్యూటీ లేనిదాన్ని, నేను బయల్దేరాను.

కెనడాలో మేముండే బ్రాంప్టన్‌లో ఎనిమిదింటికి బస్సెక్కాం. పన్నెండు నిండని పిల్లలకు టికెట్ లేదు. నా సీనియర్ టికెట్ పది డాలర్ల లోపే. తన్వి ఒళ్లో బంతి చూసి డ్రైవర్, "దానికీ టికెట్ అక్కర్లేదు. దొర్లిందంటే మాత్రం పెద్దావిడదే పూచీ" అన్నాడు. గంటన్నర ప్రయాణం. సగం దారి నుంచి మొక్కజొన్న చేలు. కిటికీ సీటు దానిది, చూసింది నేను. దిగాక సిటీ బస్సులో పావుగంట వెళితే మైదానం.

డీటర్ గారికి అరవై దాటాయి, కాస్త కుంటుతాడు. జర్మనీలో పదమూడేళ్లు ప్రొఫెషనల్‌గా ఆడాడట. ఎక్కువకాలం రెండో డివిజన్‌లో, చివరి రెండేళ్లు పై డివిజన్‌లో. రెండు మోకాళ్లకూ ఆపరేషన్లు. లెక్కల టీచర్ని కదా, నోరు ఊరుకోలేదు.

"మొత్తం ఎన్ని గోల్స్ వేశారు?"

"తొమ్మిది."

"పదమూడేళ్లకా?"

"ఒకటి మా గోల్‌లోకే కొట్టుకున్నాను. అది కలిపితే పది" అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా. మనిషి నాకు నచ్చాడు.

నేను సంగతి చెప్పాక, మధ్యలో ఆడటం ఎందుకిష్టం లేదని తన్వినడిగాడు. అది నా వైపు చూడకుండా చెప్పింది: "గోల్ కొడితే అమ్మమ్మ సున్నుండ పెడుతుంది. రెండు నెలల్నుంచి పెట్టలేదు. అంటే నేను బాగా ఆడట్లేదనేగా."

గోల్‌కో సున్నుండ అని నియమం పెట్టింది నేనే. ముప్పైయేళ్లు బళ్లో స్టెప్పులకు మార్కులు వేసిన మనిషిని, ఇంట్లో ఆన్సరుకే వేస్తూ వచ్చాను.

డీటర్ గారు ఫోన్‌లో ఒక పాత వీడియో పెట్టాడు. వాళ్ల టీమ్ పై డివిజన్‌కు ఎక్కిన మ్యాచ్. గోల్ వేసినవాణ్ని అందరూ భుజాలకెత్తుకున్నారు.

"మీరెక్కడ?" అంది తన్వి.

వెనక్కి తిప్పాడు. గోల్‌కు ముందు పాస్, దానికీ ముందు పాస్. ఇద్దరి మధ్యనుంచి బంతి లాక్కుని పక్కకు తోసిన బక్కపలచని మనిషి. "ఇది ఏ రికార్డులోనూ లేదు. ఇది లేకపోతే ఆ గోలూ లేదు."

"థాంక్స్ అయినా చెప్పారా?" అనడిగింది తన్వి.

"గోల్ వేసినవాడు చెప్పాడు. ఇప్పటికీ ఏడాదికోసారి ఫోన్ చేస్తాడు."

తర్వాత గంటసేపు ఆడించాడు. తన్వి మధ్యలో బంతి అందుకుని, తలెత్తి చూసి, ఎడమవైపు పంపింది. అక్కణ్నుంచి ఇంకో పిల్లకి, ఆ పిల్లనుంచి గోల్‌లోకి. అందరూ అటు పరుగెత్తారు. నేను తన్వినే చూస్తూ లేచి చప్పట్లు కొట్టాను. తిరుగుబస్సులో అంది: "అమ్మమ్మా, ఫారం నేనే నింపుతా. పొజిషన్ మిడ్‌ఫీల్డ్ అని రాస్తా."

పేరు రాని పనిని పదమూడేళ్లు చేసి, ఆ మోకాళ్లతో పరాయి పిల్లకు తన శనివారం ఇచ్చిన మనిషికి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. పాఠం పిల్లకని వెళ్లాను, డెబ్బైయొకటో ఏట నాక్కూడా అబ్బింది. వెళ్లేవాళ్లకు ఒక్కమాట: అక్కడ బెంచీల్లేవు, మడతకుర్చీ పట్టుకెళ్లండి. మధ్యగీతకు ఎదురుగా వేసుకోండి. గోల్ పక్కన కూర్చుంటే సగం ఆట కనిపించదు. ఇన్నాళ్లూ నేనక్కడే కూర్చున్నాను.