ఎటక్క అడిగిన దారులు

ఎటక్క దారి అడక్కుండా గడప దాటేది కాదు. తెలియని దారైతే ఎవరైనా అడుగుతారు. ఎటక్క తెలిసిన దారీ అడిగేది, కళ్ళెదుట కనబడుతున్న దారీ అడిగేది. చేరిపోయిన చోటికి కూడా దారి అడగగల మనిషిని లోకంలో ఆమెనే చూశాం.

పరాయి దేశంలో ఆరు నెలల చదువుకని మా కాలేజీ నుంచి వెళ్ళినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఈమె. రెండోది ఈమెకంటే రెండేళ్ళు చిన్నది. ఈమె "చెల్లాయ్" అని పిలవగా పిలవగా ఊరందరికీ చెల్లాయి అయిపోయింది. రోజుకి ముప్ఫైసార్లు "ఎటండీ?" అన్నది విని విని, ఎటక్క అని పేరు పెట్టింది ఈ చెల్లాయే.

దిగిన రోజే మొదలైంది. పెట్టెలు దించుకుని, హాస్టల్ బోర్డు కింద నిలబడి, వాకిలి ఊడుస్తున్న పెద్దావిడని పిలిచింది ఎటక్క.

"ఏవండీ, ఈ హాస్టల్ ఎటండీ?"

ఆవిడ చీపురు పైకెత్తి బోర్డు చూపించింది.

"అమ్మయ్య! ఎంత సాయం చేశారండీ!" అంది ఎటక్క. చెల్లాయికి తల కొట్టేసినట్టయింది.

చెల్లాయి సంగతి కూడా చెప్పాలి. నోట్లో నాలుక లేని పిల్ల. ఆ దేశపు భాషలో రాయమంటే నూటికి తొంభై ఆరు తెచ్చుకుంటుంది, మాట్లాడమంటే గుటకలు మింగుతుంది. మొదటి క్లాసులో మేడమ్ పేరు అడిగితే కాగితం మీద రాసి చూపించింది. మేడమ్ నవ్వలేదు. "చివర్లో ముగ్గురు టీచర్ల ముందు పది నిమిషాలు మాట్లాడాలమ్మా. అందులో తప్పితే ఈ ఆరు నెలలూ లెక్కలోకి రావు, తెలుసుగా?" అంది. ఆ రోజు నుంచి చెల్లాయికి అన్నం సయించలేదు.

ఇలాంటి పిల్లకి దొరికిన తోడు ఎటక్క! అడగడం వరకూ తనే అడిగేది. అవతలివాళ్ళు నోరు తెరిచేసరికి పక్కకి తప్పుకునేది.

"చెల్లాయ్, నాకు కుడీ ఎడమా గుర్తుండవు. నువ్వు విను. అర్థం కాకపోతే మళ్ళీ అడుగు."

"ఫోన్లో మ్యాపుంది కదక్కా!"

"ఫోను దారి చెప్తుంది సరే. 'జాగ్రత్తగా వెళ్ళమ్మా' అంటుందా?"

చెల్లాయి ఫోను సంచిలో పడేసి, అవతలివాళ్ళు చెప్పేది వినడానికి తయారయ్యేది.

ఒకసారి మందుల షాపుకి బయల్దేరారు. హాస్టల్ నుంచి నాలుగు నిమిషాల నడక. ఎటక్క ఒక పెద్దమనిషిని ఆపింది. ఆయనా ఆ ఊరికి కొత్తేనట, ఇంకొకర్ని ఆపాడు. ఆయన సరిగ్గా చెప్పట్లేదని కూరగాయల సంచీతో పోతున్న ఆవిడ కల్పించుకుంది. ఆవిడ చెప్పేది తప్పని వాళ్ళాయనే అన్నాడు. మధ్యలో నిలబడి ఎవరేమన్నారో ఇంకొకరికి చెప్పే పని చెల్లాయి నెత్తిన పడింది. గంటన్నర తర్వాత మందుల షాపుకి ఆరుగురు చేరారు. షాపాయన ఏదో అంటువ్యాధి వచ్చిందనుకుని బెదిరిపోయాడు. ఇంతకీ వెళ్ళింది ఎటక్క తలనొప్పి మాత్ర కోసం. అప్పటికి ఆమెకి తలనొప్పి తగ్గిపోయి, చెల్లాయికి మొదలైంది.

తొమ్మిదో నంబరు బస్సు డ్రైవరైతే మరీ పాపం. ఆ బస్సు హాస్టల్ దగ్గర బయల్దేరి కాలేజీ దగ్గర ఆగిపోతుంది, ఇంకెక్కడికీ పోదు. అయినా రోజూ "కాలేజీకి వెళ్తుందాండీ?" అనేది ఎటక్క. మొదటి వారం ఆయన "వెళ్తుంది" అన్నాడు. రెండో వారం విసుక్కున్నాడు. నెల తిరిగేసరికి దూరం నుంచి ఎటక్క కనబడగానే తల ఊపడం మొదలుపెట్టేవాడు.

రోజూ మధ్యాహ్నం మూడింటికి మాత్రం ఎటక్క లైబ్రరీకని ఒక్కతే వెళ్ళేది. ఐదింటికి చెమటలు కక్కుతూ వచ్చేది. ఎంత చదువుతోందో పాపం అని చెల్లాయి జాలిపడేది తప్ప, లైబ్రరీకి దారి ఎవర్ని అడుగుతోందో అనుమానించలేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. తన వంతు ముందురోజే అయిపోవడంతో చెల్లాయిని గదిదాకా దింపడానికి ఎటక్క కూడా వచ్చింది. తీరా చూస్తే గది తలుపుకి ఒక కాగితం: పరీక్ష ఊరికి అటు చివరున్న పాత భవనంలోకి మార్చారు. చెల్లాయి వంతు ఇంకో అరగంటలో.

చెల్లాయి పైప్రాణాలు పైనే పోయాయి. "ఎటక్కా ఇప్పుడు?"

"నాకేం తెలుసే? అడుగు!"

చెల్లాయి రోడ్డు మీదికి పరుగెత్తి, గడ్డి కత్తిరిస్తున్న తోటమాలిని పట్టుకుంది. ఆయన వంతెన మీదుగా వెళ్ళమన్నాడు.

"వంతెన దారి తవ్వేశారండీ! మొన్న పోస్టాఫీసు దగ్గర ఒకాయన చెప్పాడు. పార్కు వెనకనించి దారి లేదా?"

అని ఆ దేశపు భాషలో గడగడా అనేసింది. అనేసినట్టు తనకే తెలియలేదు.

తోటమాలి తల గోక్కుంటుండగా లాండ్రీ వ్యాను ఒకటి పక్కన ఆగింది. ఎటక్కని చూసి లాండ్రీ ఆయన కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమ్మాయ్, సైకిలేదీ? ఇక్కడున్నావేంటి?"

"పాత భవనానికి దారి అడుగుతున్నామండీ," అంది చెల్లాయి.

ఆయన పగలబడి నవ్వాడు. "ఈ అమ్మాయి ఉండగానా? నాలుగు నెలల నుంచీ రోజూ మధ్యాహ్నం మా బట్టల మూటలు ఊరంతా చేరవేసేది ఈమే! ఒక్క ఇల్లు తప్పలేదు. మా డ్రైవరే సందులు తెలియక ఈమెకి ఫోన్ చేస్తాడు!"

ఎటక్క నాలుక కరుచుకుంది.

"అక్కా!"

"తిట్లు తర్వాత చెల్లాయ్. ముందు పరుగెత్తు!"

పరుగెత్తారు. ఎవర్నీ అడగలేదు. పార్కు వెనక సందు, పదకొండు మెట్లు, బేకరీ పెరడు, కుక్కున్న గేటు, కుక్క లేని గేటు. ముందు ఎటక్క, వెనక రొప్పుతూ, తిడుతూ చెల్లాయి.

"ఎందుకు... అక్కా... ఇన్నాళ్ళూ..."

"నాతో అయితే మన భాషలోనే మాట్లాడతావు. వీళ్ళతో ఇంకెప్పుడు మాట్లాడతావే? దారి అడిగినవాళ్ళ మాటల్లో తప్పులు ఎవరూ పట్టరు. కుడి వైపు తిరుగు, అక్కడ మెట్టుంది, చూసుకో!"

చెల్లాయి గదిలో పడేసరికి ముగ్గురు టీచర్లు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఎందుకమ్మా అంత ఆయాసం?" అంది మేడమ్.

అంతే. చీపురు పైకెత్తిన పెద్దావిడతో మొదలుపెట్టి, మందుల షాపుకి చేరిన ఆరుగురితో సహా, తల ఊపే డ్రైవరుదాకా కడుపులో ఉన్నదంతా కక్కేసింది. పది నిమిషాలు ఇరవై అయ్యాయి. ఒక టీచరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. మేడమ్ మార్కులు వేసి, "ఇందులో సగం మార్కులు మీ అక్కకివ్వాలి," అంది. చెల్లాయికి అప్పుడు ఏడుపొచ్చింది, కానీ నవ్వుతూనే ఉంది.

బయట మెట్ల మీద ఎటక్క గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఏమడిగారే?"

"ఆయాసం ఎందుకని అడిగారు."

"అంతేనా? ఏం చెప్పావు?"

"నిన్ను చెప్పాను. పాసయ్యాను."

ఎటక్క కళ్ళు తిప్పుకుని రోడ్డు వైపు చూస్తూ కాసేపు కూర్చుంది. ఆమె అంతసేపు ఎవర్నీ ఏమీ అడక్కుండా ఉండటం అదే మొదలు.

కాలేజీదాకా వెనక్కి నడిచొచ్చేసరికి తొమ్మిదో నంబరు నిలబడి ఉంది. ఎటక్కని చూడగానే డ్రైవరు అలవాటుగా తల ఊపడం మొదలుపెట్టాడు. ఎటక్క నోరు తెరిచింది. చెల్లాయి ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగి, తను ముందుకెళ్ళి నిలబడింది.

"ఏవండీ, ఈ బస్సు హాస్టల్‌కి వెళ్తుందాండీ?"

డ్రైవరు ఊపుతున్న తల ఆపాడు. ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"నువ్వు కూడానా తల్లీ!" అన్నాడు.