కన్నారావు గారి చెక్కు, ఒడియా

రోజూ పొద్దున సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుని, పాలపాకెట్టు చేత్తో పట్టుకుని, మా అపార్టుమెంటు గేటు దగ్గర నిలబడి ఒక చెక్కు మాటా దాని పక్కన ఒక ఒడియా మాటా గట్టిగా చెప్పకపోతే కన్నారావు గారికి కాఫీ దిగదు. చెక్కంటే బ్యాంకులో వేసేది కాదు. యూరపులో ప్రాగ్ రాజధానిగా ఒక దేశం ఉంది, అక్కడి వాళ్ల భాష. ఆయన ఒడిశా సరిహద్దు దగ్గర ఇచ్ఛాపురంలో పుట్టారు కాబట్టి ఒడియా ఉగ్గుపాలతోనే వచ్చింది. ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన చెక్కు ఇంజనీర్ల పక్కన ఏళ్ల తరబడి పనిచేశారు కాబట్టి ఆ భాష గ్రీజుతో పాటు అంటుకుంది. రిటైరయ్యాక గ్రీజు వదిలింది, భాష వదల్లేదు.

"ఊర్మిళమ్మా, ఎలకని ఒడియాలో మూషా అంటారు, చెక్కులో మిష్ అంటారు. మన వినాయకుడి వాహనం అంత దూరం ఎలా వెళ్లిందంటారు?" అని నన్ను ఆపేవారు.

నాకు గుడికి వేళ అయిపోతుండేది. "నడిచే పోయి ఉంటది అన్నా. జెర జరుగుండ్రి."

"తేడా కూడా ఉందమ్మా. ఒడియావోడు మనలాగే ప్రతి మాట చివరా నోరు తెరుస్తాడు. చెక్కువోడికి నోరు తెరవడమంటే బద్ధకం. మెడని క్ర్‌క్ అంటాడు. వెతికినా అచ్చు దొరకదు."

"క్రుక్కు," అన్నాను.

"ఆ ఉకారం తియ్యండి."

"తీస్తే ఊపిరాడ్తలేదు అన్నా."

అసోసియేషన్ ప్రెసిడెంటు పురుషోత్తం గారికి ఇది బొత్తిగా గిట్టేది కాదు. "పొద్దుగాల్నే ఏందీ తక్లీఫ్? మీటింగ్‌ల పెట్టి బంద్ చేయిపిస్త," అనేవారు. కన్నారావు గారు ఆయనకూ ఒక మాట చెప్పి పంపించేవారు.

ఒకనాడు జలుబు చేసి కన్నారావు గారి గొంతు పూర్తిగా పోయింది. భార్య అచ్చియమ్మ గారు గేటు దాకా వచ్చి, "ఇవాళ రెండు భాషలకీ సెలవు," అని ప్రకటించారు. అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. కాసేపటికే కరెంటు పోయింది. లిఫ్టు రెండో అంతస్తు దాటి, మూడోది అందకుండా ఆగిపోయింది.

లోపల ఇద్దరున్నారు. ఒకరు యార్మిలా గారు. మూడో అంతస్తులో అద్దెకుండే చెక్కు అమ్మాయికి తల్లి. ఆ అమ్మాయి పాత మెట్లబావుల గురించి చదువుతోంది, పొద్దున్నే బన్సీలాల్‌పేట బావి దగ్గరికి వెళ్లిపోతుంది. తల్లికి డెబ్బై దాటాయి, షుగరుకి ఇంజెక్షన్ తీసుకుంటారు, చెక్కు తప్ప మరో భాష రాదు. రెండో మనిషి వాళ్లింట్లో వంట చేసే ఝునూ. గంజాం నుంచి కొత్తగా వచ్చింది, ఒడియా తప్ప మరోటి రాదు.

ముందు తలుపు దబదబ బాదిన చప్పుడు. తర్వాత ఝునూ ఏడుపు.

పురుషోత్తం గారు ఫోను చెవి నుంచి తీశారు. "మెకానిక్ బోయిగూడ ట్రాఫిక్‌ల ఇరుక్కుండు. అందాక ఏం జేస్తం?"

కన్నారావు గారు మెట్ల మీద రొప్పుతూ వచ్చి లిఫ్టు తలుపుకి చెవి ఆనించారు. ముఖం పాలిపోయింది. ఝునూ ఒడియాలో ఏడుస్తూ చెప్పేది విని, నా చెవి దగ్గర గుసగుసగా అన్నారు, "యార్మిలా గారికి చల్లచెమటలు పడుతున్నాయంట, చేతులు వణుకుతున్నాయంట. షుగరు పడిపోయిందమ్మా. వెంటనే తీపి పడాలి."

"ఝునూ చేతిల కిరాణా సంచి ఉన్నదన్నా. చక్కెర కొనంగ నేను చూసిన."

"నాకు గొంతు లేదు. మీరే అరవండి. ఒడియాలో చక్కెర పెట్టమని, చినీ దిఅ."

అరిచాను. ఝునూకి అర్థమైంది, పాకెట్టు చింపిన చప్పుడు వినిపించింది. వెంటనే మళ్లీ ఏడుపు. పెద్దావిడ బిత్తరపోయి పళ్లు బిగించేసిందట, చీకట్లో నోట్లో ఏం పెడుతున్నారో తెలియక.

"త్సుక్‌ర్ అనండి," అన్నారు కన్నారావు గారు. "చెక్కులో చక్కెరని అదే అంటారు. త్సు, క్, ర్. మధ్యలో ఏమీ కలపకండి."

ఆంజనేయస్వామిని తలుచుకుని నోరు తెరిచాను. వచ్చింది మాత్రం, "చక్కెర."

కన్నారావు గారు తల పట్టుకున్నారు. "అది తెలుగమ్మా."

"పంచదారండీ, పంచదార," అని అచ్చియమ్మ గారు కూడా ఒక కేక వేశారు.

నేను మళ్లీ, "చక్కెర, చక్కెరమ్మా," అన్నాను. నాకు వచ్చింది అదొక్కటే.

సన్నగా ఒక గొంతు పలికింది. "త్సుక్‌ర్? అనో. అనో."

పురుషోత్తం గారు గోడకి ఆనుకున్నారు. "నో అంటుంది. ఆమె వద్దంటుంది."

"అనో అంటే ఔననే," అన్నారు కన్నారావు గారు, ఉన్న కాస్త గొంతుతో.

మెకానిక్ వచ్చి తలుపు తీసేసరికి యార్మిలా గారి పెదాల నిండా చక్కెర, ముఖంలో కాస్త రంగు. లిఫ్టు నేలకీ గడపకీ జానెడు ఎత్తు తేడా ఉంది. ఝునూ ముందు బయటికొచ్చి వెనక్కి తిరిగి, "రుకా," అంది.

"హిందీల రుకా అని ఇప్పుడు చెప్తుందా?" అన్నారు పురుషోత్తం గారు. "ఆగిందని మాకెర్కలేదా?"

యార్మిలా గారు మాత్రం చెయ్యి చాచి, "హాత," అన్నారు.

చెక్కులో రుకా అంటే చెయ్యి, ఒడియాలో హాత అంటే చెయ్యి. ఈమె మాట ఆమె, ఆమె మాట ఈమె చెప్పుకున్నారు. నేను కన్నారావు గారి వైపు చూశాను. ఆయన చెప్పుల వైపు చూసుకుంటున్నారు.

"ఏటి చెయ్యమంటారమ్మా, రోజంతా ఒకే వంటింట్లో ఉండి ఒకరి ముఖం ఒకరు చూసుకోడానికే భయపడేవారు. కూర్చోబెట్టి నేర్పితే సిగ్గుపడతారు కదా. అందుకే ఆవిడ బాల్కనీలోకి వచ్చేవేళా ఈవిడ గేటులోకి వచ్చేవేళా చూసుకుని, మీకు చెప్తున్నట్టు చెప్పేవాణ్ణి."

"వాళ్లు రాకముందు వినేదాన్ని నేనొక్కదాన్నే," అన్నారు అచ్చియమ్మ గారు. "వాళ్లు చల్లగా ఉండాలి."

పురుషోత్తం గారు గొంతు సవరించుకున్నారు. "మీటింగ్ గిట్ల ఏం లేదు గానీ కన్నారావన్నా, కషాయం తాగి గొంతు జల్ది మంచిగ చేస్కో."

కన్నారావు గారు నన్ను పక్కకి పిలిచారు. "ఊర్మిళమ్మా, నాకో సాయం చెయ్యాలి. వాళ్లిద్దరికీ ఇంక తెలుగు కూడా కావాలి. నా తెలుగులో అది పంచదార, ఏ దేశానికీ చేరదు. మీ తెలుగైతే ప్రాగ్ దాకా పోయింది. రేపట్నుంచి మూడో మాట మీరు చెప్పండి. గుడికి ఆలస్యమైతే స్వామికి నేను సర్దిచెప్తాను, ఆయన ఏ భాషలో అడిగితే ఆ భాషలో."