తీసుకున్నవారి సంతకం

నర్సు పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది డ్యూటీ అప్పగించడం. నా పూట అయిపోయాక, తర్వాతి పూటకు వచ్చిన ఆమెను వెంటబెట్టుకుని మంచం మంచం దగ్గరికీ వెళ్ళి, ఎవరికి ఏ మందు ఇచ్చాను, ఎవరికి ఇంకా ఇవ్వాలి, ఎవరిమీద ఓ కన్నేసి ఉంచాలి అని చెప్పాలి. అదంతా రిపోర్టు పుస్తకంలో రాయాలి. రాసినదాని అడుగున రెండు సంతకాలు. ఒకటి ఇచ్చినవారిది, ఒకటి తీసుకున్నవారిది. తొంభైల మొదట్లో మదనపల్లెలో నేను ట్రైనింగులో ఉన్నప్పుడు మా ట్యూటరమ్మ ఈ సంగతి చెవినిల్లు కట్టుకుని పోరేది. "తీసుకున్నవాళ్ళ సంతకం లేకుండా వార్డు దాటినారంటే, పేషంటును నడిరోడ్డులో వదిలేసినట్టే. ఆ గడి ఖాళీగా ఉండకూడదు," అనేది. ఆమె చెప్పిన వెయ్యి మాటల్లో నాకు బాగా ఒంటబట్టింది ఇదే. నన్ను ముంచిందీ ఇదే.

మొదటి ఉద్యోగం పుంగనూరులో. అక్కడ ముగ్గురం ఉండేవాళ్ళం. మధ్యాహ్నం రెండు గంటలకు నేను దిగే వేళకు, నాకంటే పదేళ్ళు పెద్ద అక్క ఒకామె వచ్చేది. పేషంట్ల సంగతి అడగకముందే నా ముఖం చూసేది.

"తిన్నావా?"

"ఇంకా లేదక్కా."

"యాల తిన్లేదు? గవర్మెంటు నిన్ను పస్తుండమనిందా?"

తిట్టి, తన క్యారియరు మూత తీసి ఓ ముద్ద నా చేతిలో పెట్టేది. ఆ తర్వాతే డ్యూటీ. అది అయిపోయాక కూడా నేను వెంటనే వెళ్ళేదాన్ని కాదు. మదనపల్లె మార్కెట్లో టమోటా ధర ఎంత పడిపోయిందో, వాళ్ళ అత్త ఆ రోజు ఎందుకు అలిగిందో, అన్నీ వినేదాన్ని. పది నిమిషాలు, మహా అయితే పావుగంట. నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్ళకు నేనిచ్చే జవాబు బాగుండదు కనుక దాన్ని వదిలేద్దాం. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు. ఆ పది నిమిషాలే నాకు ఇల్లు.

ఆరేళ్ళ తర్వాత బదిలీ అయింది. కుప్పం దిగి, గుడుపల్లె వైపు పోయే బస్సెక్కితే వచ్చే ఒక పల్లె ఆసుపత్రి. ఆరు మంచాలు. నర్సు పోస్టులు రెండు. ఉన్నది నేనొక్కదాన్నే. డాక్టరు గారు పొద్దున కుప్పం నుంచి వచ్చి ఒంటిగంట బస్సుకు వెళ్ళిపోయేవారు. ఆయా ఆ ఊరి మనిషే, పొద్దు గుంకేలోగా ఇల్లు చేరుకునేది. ఆసుపత్రి వెనక నర్సులకు రెండు క్వార్టర్లు ఉండేవి, మధ్యలో ఒకటే గోడ. ఒకదాంట్లో నేను. రెండోదానికి తాళం.

పని ఎక్కువని నేను ఎప్పుడూ బాధపడలేదు. పగలంతా జనం ఉండేవారు. కన్నడం కలిపి ఒకరు, అరవం కలిపి ఒకరు, అందరూ తలా ఒక తెలుగులో "సిస్టరమ్మా" అని పిలిచేవారు. కానీ వాళ్ళు చెప్పేది వాళ్ళ నొప్పి. నేను చెప్పేది మందు. ఆ రెండూ అయిపోతే మాట అయిపోయేది. మధ్యాహ్నం రెండు గంటలు కాగానే నా కాళ్ళు వాటంతటవే వరండాలోకి వచ్చేవి. ఎవరూ వచ్చేది లేదని తెలుసు. అయినా వచ్చి నిలబడేదాన్ని. అప్పుడు పట్టుకునేది ఒంటరితనం, కడుపులో ఆకలిలాగా. దానికి వేరే పేరు పెట్టి గొప్ప చేయడం నాకు చేతకాదు.

మొదటి ఆరు నెలలు పుస్తకంలో తీసుకున్నవారి గడి ఖాళీగానే వదిలాను. ట్యూటరమ్మ ఎక్కడో కూర్చుని నన్ను చూస్తున్నట్టే ఉండేది. ఒక మధ్యాహ్నం రిపోర్టు రాసి, సంతకం చేసి, ఇక ఉండబట్టలేక ఆ గడిలో కూడా ఒక సంతకం పెట్టాను. నాది కాదు. కొంచెం వాలుగా, కింద ఒక గీత లాగి. ఎవరి పేరూ కాదది, ఊరికే ఒక మెలిక. పగటి రిపోర్టు నీలం సిరాతోనూ, రాత్రి రిపోర్టు ఎర్ర సిరాతోనూ రాయడం మాకు నేర్పిన పద్ధతి. అందుకని ఆమెకు ఎర్ర సిరా ఇచ్చాను.

నెల తిరిగేసరికి ఆమె మాట్లాడడం మొదలుపెట్టింది. "అక్కా, రెండో మంచం బాలింతను నేను చూసుకుంటాను. నువ్వు పోయి అన్నం తిను," అని రాసేది. మరోరోజు, "ఆ నాలుగో మంచం ముసలాయన బీడీ తాగుతాండాడు, నువ్వు కసురుకుంటే గానీ వినడు," అని. నేను నీలం సిరాతో, "రేపు పొద్దున చెప్తా వాడి సంగతి," అని జవాబు రాసేదాన్ని. రాస్తూ ఒక్కదాన్నే నవ్వేదాన్ని. ఇది పిచ్చి కాదా అని నన్ను నేను అడగకపోలేదు. అడిగి, మళ్ళీ రాసేదాన్ని. అట్లా మూడు పుస్తకాలు నిండాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కాగితం వచ్చింది. ఏ ఆసుపత్రిలో ఎంతమంది నర్సులున్నారు, ఎంతమంది కావాలి అని ప్రభుత్వం లెక్క తీస్తోందట. ఆసుపత్రికే వచ్చి చూస్తారట. ఊరి జనాన్ని కూడా కూర్చోబెట్టి, నర్సులు చాలుతున్నారా లేదా అని వాళ్ళ అభిప్రాయం రాసుకుంటారట. ఆ కాగితం ఎన్నిసార్లు చదివానో! రెండో మనిషిని వేస్తే చాలు. ఆమె కోపిష్ఠిదైనా పర్వాలేదు, సోమరిదైనా పర్వాలేదు. రెండు గంటలకు ఆ వరండా ఎక్కి వస్తే చాలు. పక్క క్వార్టరు తాళం నూనె పోసి తీయించి, కడిగించి, సున్నం వేయించాను. ఆయా నన్ను వింతగా చూసింది.

డాక్టరు గారు ఒంటిగంట బస్సుకు వెళ్ళిపోయాక జీపులో ఇద్దరు వచ్చారు. ఒక పెద్దాయన, ఫైళ్ళు పట్టుకుని ఒక అమ్మాయి. ఫారంలో 'మంజూరైన పోస్టులు' అన్నచోట రెండు, 'పనిచేస్తున్నవారు' అన్నచోట ఒకటి అని నేనే నా చేత్తో రాసిచ్చాను. వాళ్ళు దాన్ని పక్కన పెట్టుకుని వరండాలో బెంచీల మీద కూర్చున్న జనాన్ని అడగడం మొదలుపెట్టారు.

"ఇక్కడ నర్సుల కొరత ఉందా?" అన్నారు పెద్దాయన.

చంకలో బిడ్డనెత్తుకున్న ఒకామె లేచింది. "కొరత యాడిది సార్? నా బిడ్డకు జెరమొచ్చి మూడు దినాలు ఈడే ఉంటిమి. పగులు సూసినా సిస్టరమ్మ ఉండాది, రేయి సూసినా సిస్టరమ్మ ఉండాది. మాకేం కొదవ లేదు."

తర్వాత లేచిన ప్రతి ఒక్కరూ అదే మాట. చివరికి, బీడీలకు నా చేత చీవాట్లు తిన్న ముసలాయన లేచాడు. "మాకు ఇద్దరు సిస్టర్లు ఉండారు సార్," అన్నాడు. "పొద్దున వచ్చే సిస్టరమ్మ నవ్వతా మాట్లాడతాది. మాపటేలకు ఇంగో సిస్టరమ్మ వస్తాది. ఆయమ్మ దగ్గరికి పోవాలంటే మాకు భయం!"

ఆయన నా కోపాన్ని ఎగతాళి చేస్తున్నాడని ఊరందరికీ తెలుసు. అందరూ ఘొల్లుమన్నారు. నాకూ నవ్వు వచ్చింది. ఫైళ్ళ అమ్మాయి మాత్రం నవ్వకుండా రాసుకుంది.

పెద్దాయన రిపోర్టు పుస్తకం అడిగారు. ఆయన అడిగేదాకా ఆ పుస్తకం సంగతి నాకు గుర్తే లేదంటే మీరు నమ్మరు. నిజంగానే లేదు. అది నాకు ప్రభుత్వ పుస్తకమన్న ధ్యాసే పోయింది. ఆయన పేజీలు తిప్పారు. నీలం సిరా, ఎర్ర సిరా. రెండు సంతకాలు, ఒక్క రోజు కూడా తప్పకుండా. "అక్కా, నువ్వు పోయి అన్నం తిను," అని పైకి చదివి తలెత్తి నన్ను చూశారు.

"ఇంకొకామె డిప్యుటేషన్ మీద వచ్చి చేస్తోందన్నమాట. అందుకే మీ హాజరు పట్టీలో లేదు. ఇంత శ్రద్ధగా డ్యూటీ అప్పగించుకునేవాళ్ళను నేను ఎక్కడా చూడలేదమ్మా," అన్నారు.

ఒక ఆసుపత్రి నర్సును నోటిమాటతో ఇంకో ఆసుపత్రికి పంపడం ఆ రోజుల్లో మామూలే. అందుకే ఆయనకు అనుమానం రాలేదు. నేను నోరు తెరిచాను. ఆ రెండో ఆమె కూడా నేనేనండీ, నేనే రాసుకుని నేనే జవాబిచ్చుకుంటున్నానండీ అని, అంతమంది ముందర ఎట్లా చెప్పను? మెమో ఇస్తారన్న భయం కాదు. సిగ్గు. పిచ్చిదంటారని సిగ్గు, అంతకంటే, అయ్యో పాపం అంటారని సిగ్గు. తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ అమ్మాయి నేను రాసిన ఒకటిని కొట్టేసి రెండు అని దిద్దింది. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను.

జీపు వెళ్ళిపోయాక ఆయా సంబరంగా వచ్చింది. "ఎట్లా చెప్పినాము సిస్టరమ్మా? మేము కొరత అంటిమా, నీ మీద కంప్లయింటు అనుకొని నిన్ను ఈడ్నించి ఎత్తేస్తారు. అందుకే ఒక మాట అనుకొని వచ్చినాము," అంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నాకు తోడు కావాలని ఆ జనానికి నేను ఏనాడూ చెప్పుకోలేదు. ఇక వాళ్ళను ఏమని తప్పుపట్టను? లోపలికి వెళ్ళి, మందుల గది తలుపేసుకుని ఏడ్చాను.

నాలుగు నెలలకు జాబితా వచ్చింది. మా ఆసుపత్రి పేరు ఎదురుగా, పోస్టులు రెండు, పనిచేస్తున్నవారు ఇద్దరు, ఖాళీ లేదు. ఆ రోజు నుంచి ఎర్ర సిరా ఆమెతో నేను మాట్లాడడం మానేశాను. నిజంగానే ఆమె మీద కోపం వచ్చింది. సంతకం మాత్రం పెట్టేదాన్ని, పెట్టక తప్పదు కనుక. అట్లా ఇంకో నాలుగేళ్ళు.

ఆ తర్వాత నాకు మదనపల్లెకు బదిలీ అయింది. నా స్థానంలోకి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. తంబళ్లపల్లె దగ్గరి పల్లె, కూలిపని చేసుకునే ఇల్లు, వాళ్ళింట్లో మొదటి ఉద్యోగం తనదేనట. మంచాలన్నీ తిప్పి చూపించాను. అన్నీ శ్రద్ధగా విని, సంచీలోంచి రెండు పొట్లాలు తీసింది.

"మాయమ్మ సెనిక్కాయల ఉండలు చేసి పంపించిందక్కా. ఒకటి నీకు, ఒకటి ఆ సిస్టరక్కకు. ఆయక్క యాడుండాది?"

"ఏ సిస్టరు?"

"లిస్టులో ఇద్దరని ఉండాది గదక్కా. నేను ఒక్కదాన్నే అయితే మాయమ్మ పంపించేదే కాదు. ఇంగో ఆయమ్మ తోడుంటాది లే అని ఒప్పుకొనింది."

ఇన్నేళ్ళూ దీన్ని నా కష్టమనే అనుకున్నాను. అది ఈ పిల్ల నెత్తిన కూడా పడుతుందన్న ఆలోచన ఒక్కసారైనా రాలేదు. బల్ల మీద పుస్తకం తెరిచి, ఎర్ర సిరా చూపించి, జరిగిందంతా చెప్పాను. అడ్డం రాకుండా విన్నది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తల వంచుకుని రెండో పొట్లం కూడా నా సంచీలోనే పెట్టింది.

మదనపల్లెలో చేరిన వారానికే పెద్ద ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఆ ఆసుపత్రిలో రెండో నర్సు ఏనాడూ లేదని, ఆ సంతకాలన్నీ నావేనని, ఇప్పుడున్న అమ్మాయి ఒంటరిగా ఉందని, వెంటనే తోడు వేయమని. జవాబుగా మెమో వచ్చింది. లేని ఉద్యోగి సంతకం ఏ కారణం చేత పెట్టితిరో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. అమ్మాయి గురించి అందులో ఒక్క ముక్క లేదు.

సంజాయిషీ రాసి, పైకి పంపమని మా ఆసుపత్రి ఆఫీసులో ఇచ్చాను. గుమాస్తా మంచివాడే. చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, గొంతు తగ్గించాడు.

"ఇదేందమ్మా ఇట్లా రాసినావు? ఇది పంపితే ఎవురూ ఒప్పుకోరు. పని ఎక్కువై పొరపాటు జరిగిందని రాయి. నీ కోసమే చెప్తాండాను."

"పని ఎక్కువై కాదప్పా," అన్నాను. "ఉన్నదే రాసినాను. అట్లే పంపించు."

కాగితం వంక ఇంకోసారి చూశాడు. అందులో ఒక్కటే వాక్యం. "మధ్యాహ్నం రెండు గంటలకు నన్ను తిన్నావా అని అడిగే మనిషి లేక, నేనే రాసుకున్నాను."