యాదమ్మ నోరు మూయించిన రోజు

ఈ రోజు నేను చేసిన పనికి మనసేం బాగాలేదు. దవాఖానాలో మాట పోయినవారికి మళ్లీ మాటలు నేర్పడం నా ఉద్యోగం. మలక్‌పేటలో పాలు అమ్మే యాదమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నెల రోజులుగా ఆమె చేత "నీళ్లు" అనిపించాలని చూస్తున్నాను. పెదవులు కదిలేవి గాని మాట వచ్చేది కాదు.

ఈ ఉదయం ఆమె కళ్లు మూసుకుని, "రామా, నన్ను జూడు రామా" అని స్పష్టంగా పాడింది. పక్కనున్న భర్త మల్లయ్య ఏడ్చేశాడు. సంతోషించాల్సింది పోయి నేను, "ఇది దవాఖానా, గుడి కాదు. చెప్పిన మాటే అనాలి" అని కసిరాను. పాఠంలోకి ఎవరి దేవుడినీ రానివ్వకూడదన్నది నా నియమం. ఆమె టక్కున నోరు మూసుకుంది.

సంగతి విన్న డాక్టరు సాబ్, "అరే భాయ్, మాట పోయినోళ్లకు ఒక్కోసారి పాట మిగుల్తది. దాన్ని పట్టుకొనే మాట తేవాలె" అన్నాడు.

సాయంత్రం జట్కా ఎక్కి వాళ్లింటికి వెళ్లాను. "తప్పు నాదే, పాడమ్మా" అని బతిమాలాను. ఆమె చేతులు జోడించి, తల అడ్డంగా ఊపింది.

మల్లయ్య మెల్లగా, "గుస్స గాకుండ్రి సారూ. మీరు వద్దన్నరని ఇంట్ల గూడ పాడుతలేదు" అన్నాడు.

రేపు ఆమె ముందు కూర్చుని నేనే పాడాలనుకుంటున్నాను. నా గొంతు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మీరైతే ఏం చేసేవారో చెప్పండి.