మూడు ముక్కల ఫ్రెంచి మాట

స్పిరిటు వాసన తగిలితే నాకు నేటికీ రాహేలమ్మ సిస్టరే గుర్తొస్తుంది. నిన్న మనవరాలికి సూది వేయించడానికి వెళ్లినప్పుడూ అంతే. పంతొమ్మిది వందల నలభైలలో మదనపల్లెలోని ఒక మిషను ఆసుపత్రిలో నేను నర్సు పని నేర్చుకునేటప్పుడు పుండ్లకు కట్లు కట్టే గది ఆమెదే. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మా నాన్న పుంగనూరు దగ్గర కూలి చేసేవాడు. పని వచ్చిందని రాహేలమ్మ నా శిక్షణ పుస్తకంలో సంతకం పెట్టకపోతే నేనూ ఆ చేలల్లోకే తిరిగి వెళ్లాలి.

పుండులో చచ్చిన కండను కత్తిరించి తీసే పనికి మా పాఠ్యపుస్తకంలో ఒక ఫ్రెంచి మాట ఉండేది. పదకొండు అక్షరాలు. చూసి చదివితే నాలుక మెలికపడేది. రాహేలమ్మ దాన్ని మూడు ముక్కలు చేసింది: దే–బ్రీద్–మాఁ. ఉతికిన కట్టుగుడ్డలు చుడుతూ, ఒక్కో చుట్టుకు ఒక్కో ముక్క చెప్పించేది.

“కడాన నోరు మూస్తాండావు సూడు. మూయొద్దమ్మా. సద్దు ముక్కులోనే ఉండల్ల.”

“ఆడ అక్షరం ఉండాది కదా సిస్టరమ్మా, యాల పలకగూడదు?”

“వాళ్ల మాట, వాళ్లిష్టం. నువ్వు సుట్టు.”

ఫ్రాన్సులో చదివొచ్చిన దొరసాని డాక్టరు ఆమెకు నేర్పిందట. కట్టు విప్పే ముందు రాహేలమ్మ రోగులకు కూడా ఆ మాట చెప్పేది. రాగులు పండించేవాళ్లకు ఫ్రెంచి ఎందుకని నేను నవ్వుకునేదాన్ని. వారంలో నాకు మాట పట్టుబడింది. దాచడమెందుకు, గర్వమూ పట్టుకుంది.

పరీక్షనాడు మంచం మీద కుప్పం వైపు రైతు మునెప్ప ఉన్నాడు. చేలో పడిన అడవిపందులను తరుముతూ జారిపడి కాలు చీల్చుకున్నాడు. పరీక్ష చూడ్డానికి వచ్చిన పెద్ద డాక్టరుగారు చేయబోయే పని పేరు అడగ్గానే ఆ మాట గంట కొట్టినట్టు పలికాను. ఆయన “భేష్” అన్నారు. పొంగిపోయి కత్తెర తీశాను.

మునెప్ప కాలు లాక్కున్నాడు. “ఏంజేస్తాండావమ్మా? కాలు తీసేస్తారా?” అని ఏడ్చాడు.

రాహేలమ్మ నా చేతిలోని కత్తెర తీసేసుకుంది. “కాలు యెవురిదో వాళ్లకు సెప్పల్ల ముందు. డాక్టరుకు సెప్పేదానికా నేను నేర్పింది?”

సంతకం పెట్టలేదు. ఆ రోజంతా ఆమె మీద కోపంతో, నాన్న ముఖం తలుచుకుని భయంతో ఏడ్చాను.

రెండు రోజులకు మళ్లీ పరీక్ష, అదే మంచం. ఈసారి పక్కన కూర్చున్నాను. కాలు తీసెయ్యబోమని, చచ్చిన కండనే తీస్తామని, దాని పేరు ఇదని చెప్పాను. నొప్పెడితే ఆపుతానన్నాను.

“ఒగ పక్క జేసి నిలుపు. మళ్లా సెప్తా,” అన్నాడు మునెప్ప.

ఒక పక్క చేసి ఆగాను. డాక్టరుగారు గడియారం చూసుకున్నారు. నేను కదల్లేదు. చాలాసేపటికి మునెప్ప తనే కాలు చాపాడు. సాయంత్రానికి సంతకం పడింది.

ముప్పై ఏళ్లు కట్లు కట్టాను. ఇప్పటికీ మనవరాలి కాల్లో ముల్లు తీయాలన్నా, అది ‘ఊఁ’ అనేదాకా ఆగుతాను. రాహేలమ్మ చివరి రోజుల్లో మంచాన పడింది, మాట పోయింది. వీపంతా పుండ్లు. వాటిని శుభ్రం చేసింది నేనే. ఏం చేయబోతున్నానో రోజూ ఆమెకు, ఆమె నేర్పిన ఆ మూడు ముక్కల్లోనే చెప్పేదాన్ని. ఆమె తల ఊపేదాకా కత్తెర ముట్టేదాన్ని కాదు.