బోయిన్‌పల్లి టికెట్టు

మా వైపు నుంచి ఎవరు హైదరాబాద్ వెళ్తున్నా ముందు నన్ను అడుగుతారు. సిటీలో ఏ బస్సెక్కాలి, ఎక్కడ దిగాలి, మెట్రోలో టికెట్టు ఎలా తీసుకోవాలి అని. నాకు నత్తి. మాట మొదలుపెట్టే చోటే ఆగిపోతాను. అయినా నన్నే అడుగుతారు, నేనూ ఆగుతూ ఆగుతూ అంతా చెప్తాను. వినేవాళ్లకి తొందరైతే అది వాళ్ల ఖర్మ.

మొట్టమొదట చెప్పేది, యానాం అలవాట్లు యానాంలోనే వదిలెయ్యమని. ఇక్కడ దరియాలతిప్ప రోడ్డు మీద ఎక్కడ నిలబడి చెయ్యెత్తినా ఆటో ఆగుతుంది. సిటీ బస్సు అలా ఆగదు. స్టాపులోనే నిలబడాలి, అదీ కాస్త ముందుకి జరిగి, ఎందుకంటే చాలాసార్లు అది స్టాపు దాటి పోయి ఆగుతుంది. నంబరొక్కటే చూసి ఎక్కెయ్యకూడదు. నంబరు పక్కన అక్షరం మారితే దారి కూడా మారిపోతుంది, అందుకని బోర్డు పూర్తిగా చదవాలి. కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు ఆపుకోవడం కాకినాడ బస్సులో చెల్లుతుంది గానీ అక్కడ చెల్లదు, రుమాలు మీదే కూర్చుంటారు. ఆడవాళ్లకి టికెట్టు లేదటగా అని సంబరపడకండి. అది తెలంగాణ కార్డున్న వాళ్లకి. మన యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి ఆధార్ మీద పుదుచ్చేరి అని ఉంటుంది. అది చూపిస్తే కండక్టరు కార్డునీ మన మొహాన్నీ మార్చి మార్చి చూసి, పాండిచ్చేరి వాళ్లకి తెలుగెలా వచ్చిందని అడుగుతాడు. నేను జవాబు చెప్పేలోపు రెండు స్టాపులు వెళ్లిపోతాయి.

ఇవేవీ నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లు లేక కాదు, నేనొక్కదాన్నే ఎక్కడికైనా వెళ్తానని ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

అన్నయ్య దరియాలతిప్పలో రొయ్యల చెరువులు లీజుకి చేస్తాడు. చిన్నప్పటినుంచీ నా తరపున మాట్లాడింది తనే. కొట్లో, ఆసుపత్రిలో, కాలేజీలో చేరేటప్పుడు కూడా. ప్రేమ లేదని కాదు, బోలెడంత ఉంది. కానీ నా నోట్లో మాట పుట్టకముందే అన్నయ్య నోట్లో పూర్తయిపోయేది. ఊళ్లో ఆటోవాళ్లకి కూడా నేను ఎవరి చెల్లెల్నో తెలుసు, ఎక్కడ దిగాలో తెలుసు. ఇంక నోరు తెరవాల్సిన పనేముంది?

రెండేళ్ల కిందట మెట్టకూరు దగ్గర ల్యాబులో ఉద్యోగానికి నన్ను తీసుకున్నారు. చెరువుల నీళ్లు, రొయ్య పిల్లలు పరీక్ష చేసే ల్యాబు. అయితే ముందు హైదరాబాద్‌లో నెల రోజుల ట్రైనింగ్, అది పూర్తి చేస్తేనే ఉద్యోగం. అన్నయ్య తనూ వచ్చి, రోజూ పొద్దున్న దింపి సాయంత్రం తీసుకొస్తానన్నాడు.

"వద్దు," అన్నాను.

"ఒక్కదానివీ ఎలా ఎల్తావే? కండక్టరు అడిగితే ఏం చెప్తావ్?"

"చె... చెప్తాను."

"నువ్వు చెప్పేలోపు బస్సు డిపోకెళ్లిపోద్ది," అని నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు. చివరికి మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఏదైనా తేడా వస్తే వెంటనే వచ్చి ఇంటికి తీసుకొచ్చేస్తాడు, నేను మారు మాట్లాడకూడదు. సరేనన్నాను. నెల పూర్తి చేసుకునే రావాలని మనసులో గట్టిగా అనుకున్నాను. ఈ ఉద్యోగం పోతే మళ్లీ అన్నయ్య నీడలోనే బతకాలి, ఆ సంగతి నాకు తెలుసు.

సికింద్రాబాద్‌లో లేడీస్ హాస్టల్, బోయిన్‌పల్లిలో ట్రైనింగ్. మెట్రో అయితే నాలాంటి వాళ్లకి వరం. ఫోన్లో టికెట్టు తీసుకుని గేటు దగ్గర చూపిస్తే చాలు, ఎవరితోనూ ఒక్క మాట అక్కర్లేదు. కానీ బోయిన్‌పల్లికి మెట్రో లేదు. బస్సులో వెళ్లాలి, కండక్టరుకి ఊరి పేరు చెప్పాలి.

నాకు 'బ' పలకదు. పెదాలు రెండూ అతుక్కుపోతాయి, ఎంత నెట్టినా విడిపోవు. 'స' అయితే హాయిగా జారిపోతుంది. మొదటిరోజు కండక్టరు "యాడికమ్మా?" అనగానే పెదాలు అతుక్కున్నాయి. వెనక జనం తోసేస్తున్నారు. పక్కావిడ అప్పుడే సుచిత్ర స్టాపుకి టికెట్టు తీసుకుంది. నేనూ "సుచిత్ర" అనేశాను. బోయిన్‌పల్లి దాటాక వచ్చే స్టాపది. ముందే దిగిపోతే ఎవరడుగుతారులే అనుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను.

బోయిన్‌పల్లి వచ్చింది. జనాన్ని తోసుకుంటూ తలుపు దగ్గరికి వెళ్లాను. కండక్టరు చూశాడు.

"సుచిత్ర ఇంకా రాలే బిడ్డా. కొత్తనా? ఇంక దూరముంది, కూసో. వచ్చినంక నేను చెప్త."

కాదు, నేను దిగాల్సింది ఇక్కడే అని చెప్పాలి. చెప్పాలంటే మళ్లీ ఆ పేరే చెప్పాలి. ఎవరో నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు, ఇంకెవరో లేచి సీటిచ్చారు. కొత్తపిల్ల తప్పిపోకుండా కాపాడామన్న సంతోషంలో ఉన్నారంతా. బస్సు కదిలింది. సుచిత్ర దాకా తీసుకెళ్లి మరీ జాగ్రత్తగా దింపాడు ఆ మంచి మనిషి. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అందుకే మీకు చెప్పేది, దిగాల్సిన స్టాపుకే టికెట్టు తీసుకోండి.

అవతలి వైపుకి రోడ్డు దాటి, ఇంకో బస్సు పట్టుకుని, బోయిన్‌పల్లి కనబడేవరకూ కిటికీ వదలకుండా చూసుకుని వెళ్లేసరికి క్లాసు సగమైపోయింది. ట్రైనింగ్ ఇచ్చే మేడమ్ అందరి ముందూ ఏమీ అనలేదు, తర్వాత పక్కకి పిలిచింది.

"రేపు కూడా ఇలాగే వస్తే వెనక్కి పంపించేస్తాను. ఇంకో మాట. ల్యాబులో మిషన్ నడపడం ఎవరైనా నేర్చుకుంటారు. చెరువు పాడైపోతోందని రైతు కంగారుగా ఫోన్ చేస్తాడు, నీళ్లలో ఏముందో నువ్వే చెప్పాలి. చెప్పగలవా?"

తల ఊపాను. నోటితో చెప్పు అనలేదు, అది ఆవిడ మర్యాద.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేసి సరిగ్గా వెళ్లావా అని అడిగాడు. "ఆ," అన్నాను. ఆ ఒక్క అక్షరం నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టదు. సంగతి తెలిసి హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి, స్టాపు పేరు ఫోన్లో పెద్దక్షరాలతో రాసి చూపించెయ్ అంది. మంచి సలహా. నాలాంటి వాళ్లెవరైనా అడిగితే నేనూ అదే చెప్తాను, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయి ఉంది. రేపు ఫోన్ చేసిన రైతుకి ఏం చూపిస్తాను? స్నానాల గదిలో గోడ వైపు తిరిగి బోయిన్‌పల్లి, బోయిన్‌పల్లి అని అన్నాను. గడగడా వచ్చింది. ఒక్కదాన్నే ఉన్నప్పుడు నాకు నత్తే ఉండదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, వాళ్ల ముందు మాట ఎప్పుడూ అలా రాదుగా.

మర్నాడు పెందలాడే బయల్దేరాను. అయినా బస్సు కిటకిటలాడుతోంది. ఈసారి ఆడ కండక్టరు. నా దగ్గరికి వచ్చి "ఎక్కడమ్మా?" అంది.

పెదాలు అతుక్కున్నాయి. 'సుచిత్ర' నాలిక చివర సిద్ధంగా ఉంది, మింగేశాను.

"జల్ది చెప్పమ్మా, వెనక చానమంది ఉన్నరు."

అందరూ ఇటే చూస్తున్నారు. "మాటలు రావేమో పాపం," అని వెనక నుంచి ఎవరో అన్నారు. "బాలానగరా?" అని ఇంకెవరో అడిగారు. అప్పుడు నా పక్క సీట్లో పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ నా మొహంలోకి చూసి, "బోయిన్‌పల్లి గావచ్చు. బోయిన్‌పల్లినా బిడ్డా?" అంది.

సరిగ్గా అదే. ఒక్కసారి తల ఊపితే చాలు. కండక్టరు వేలు అప్పటికే టికెట్టు మిషన్ మీద ఉంది. ఊపెయ్యాలని ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను, ఆవిడ కాళ్లకి దండం పెట్టాలనిపించింది కూడా. కానీ జన్మంతా అలాగే ఊపాను, అన్నయ్య అన్న ప్రతి మాటకీ.

కాస్త ఆగమని చెయ్యి చూపించాను. కండక్టరు విసుక్కోబోయి ఆగింది. బస్సు సిగ్నల్ దగ్గర నిలిచి, మళ్లీ కదిలింది. అందరూ చూస్తుండగా, చెమటలు కారుతుండగా, నేను ఆ మాటని బయటికి నెడుతూనే ఉన్నాను.

"బ్... బో... బో... బోయిన్‌పల్లి. ఒకటి."

కండక్టరు టికెట్టు తీసి ఇచ్చింది. పెద్దావిడకి నా మీద జాలేసినట్టుంది. "నేనన్నది గదే గద బిడ్డా," అంది. "గింత కష్టమెందుకు? తలకాయ ఊపితే అయిపోతుండె గద."

"మీ... మీరు అన్నారండి," అన్నాను. "టి... టికెట్టు నాది కదండి, నేనే అడగాలి."