నా వల, అతని ప్రసంగం

శ్రీకాకుళంలో మా మాస్టారి దగ్గర పరిశోధన చేసేది ఇద్దరమే. నాది భోగాపురం దగ్గర చేపలు పట్టే ఇల్లు. అతనిది విజయనగరంలో తరతరాలుగా పాఠాలు చెప్పే ఇల్లు. ఇంకా కట్టని ఒక పెద్ద టెలిస్కోపుకి ఎన్ని దూరపు, మసక గెలాక్సీలు కనబడతాయో ముందుగా అంచనా వేయడం మా పని. పాత ఫోటోల్లో నకిలీ గెలాక్సీలు చల్లి, వాటిలో కంప్యూటరు ఎన్నింటిని పట్టలేకపోతోందో చూసేవాణ్ణి నేను. దాన్నిబట్టే అసలువాటిలో ఎన్ని తప్పించుకుంటాయో తెలిసేది. ఆ భాగం పూర్తిగా నాది.

పుణే సదస్సుకి ఒక్కరినే పంపుతానన్నారు మాస్టారు. తన ముందు ఎవరు బాగా చెబితే వాళ్లు.

అంతకుముందే టీ కొట్టు దగ్గర అతనికి చెప్పాను. "మా వలలాటిదే బావా. కన్ను పెద్దదైతే సిన్న సేప జారిపోతాది. వల్లో పడ్డవి సూసి, సముద్రంలో అంతే ఉన్నాయనీకూడదు."

"బాగుందిరా," అని టీ తాగేశాడు.

మాస్టారి ముందు మొదట లేచింది అతనే. మొదటి మాటే వల! మాస్టారి ముఖం వెలిగిపోయింది. కానీ అతను చెప్పింది అలివి వల, ఒడ్డున నిలబడి ఊరంతా కలిసి లాగేది. దాని కొసనుండే సంచిలోంచి నెత్తళ్లంత చిన్నవి కూడా జారవు. ఆ మాటే అన్నాను.

"ఏటోయ్, పోలికలో తప్పులెతుకుతన్నావా?" అన్నారు మాస్టారు. పుణేకి అతనే వెళ్లాడు.

ప్రసంగం రోజు పొద్దున్నే ఫోను. "ఒరే బావా, ఇక్కడ కేరళ ఆయనొకడు అలివి వల్లో సిన్నవి జారవంటన్నాడు. మరి ఏ వల సెప్పాలిరా?"

అతని మీద ఎంత కడుపుమంట ఉన్నా నా వలను తప్పుగా చెప్పనివ్వలేను. "సేప తల దూరి, మొప్పల దగ్గర ఇరుక్కునే వలని సెప్పు. దాన్లోంచి సిన్నవి జారిపోతాయి."

తిరిగొచ్చాక తన చివరి స్లయిడు ఫోటో చూపించాడు. మాస్టారికి కృతజ్ఞతలు. కింద, "వల గురించి చెప్పిన మత్స్యకార మిత్రుడికి" కృతజ్ఞతలు.

"ఇదేటి?"

"నువ్వే కదా బావా! అక్కడ అందరికీ ఎంత నచ్చిందో."

"మరి నకిలీ గెలాక్సీలు సల్లిందెవరు?"

"అది మన పనే కదరా."

ఆ ఫోటో నాకు పంపమన్నాను. సంతోషించాననుకుని వెంటనే పంపాడు. ఫోను మార్చినప్పుడల్లా మొదట దాన్నే కొత్తదాంట్లోకి ఎక్కించుకుంటాను.